గడప కాడ అనాల్సిన మాట

చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. నిన్న పొద్దున నాగ్‌పూర్ దవాఖానలో మిషను ఆన్ చేసినప్పటి నుంచి ఆ చెయ్యి ఎంత బుద్ధిగా ఉందని, గ్లాసు నిండా చాయ్ పోసిస్తే ఒక్క చుక్క ఒలికిందా, లేదే, ఇన్నేళ్ళకు తన చెయ్యి తన మాట విన్నదని రాజక్క లోలోపల మురిసిపోయి, మొగుడు పోచన్న కంటపడకుండా దాన్ని కొంగు కింద దాచుకుని మరీ ఇంత దూరం వచ్చింది కదా, ఇప్పుడు అదే చెయ్యి, జిమల్‌గట్ట దాటాక అడవి మధ్య ఈ చెక్‌పోస్టు దగ్గర, పోలీసుపిల్ల చేతిలోని నల్లటి తనిఖీ కట్టె రొమ్ము మీద ఆగి కీచుమని అరిచిన నిమిషానికే, తడిసిన కోడిపిల్లలా గజగజలాడుతోంది. అయిపోయింది, ఇగ అయిపోయింది అనుకుంటూ గొంతు సవరించుకోబోయింది. గొంతులో వెలక్కాయ పడ్డట్టు మాట అక్కడే ఆగింది. 'ఆగు' అందామనుకుంటే 'ఆ' దగ్గరే ఎవరో లోపలి నుంచి గుప్పిట బిగించారు. ఆ గుప్పిట ఆమెకు పాత చుట్టమే. ఒక్కరోజు ఊరికి పోయినట్టు పోయి, తిరిగొచ్చి మళ్ళీ తిష్ట వేసింది.

డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. హిందీలో ఒకసారి, మరాఠీలో ఒకసారి, చేతులు తిప్పి ఒకసారి. మెడ ఎముక కింద చర్మం లోపల సబ్బుబిళ్ళంత డబ్బా ఉంది, అందులో బ్యాటరీ ఉంది, దాని నుంచి తీగ చెవి వెనకగా పైకి పోయి పుర్రె లోపల మెదడులో ఒకచోట ఆగింది, ఆ చోటికి సన్నగా కరెంటు పోతున్నంతసేపు చెయ్యి వణకదు, గొంతు బిగుసుకోదు. తనిఖీ కట్టెల్ని దాని మీదికి రానివ్వకు, ఆగిపోవచ్చు. ఆగితే బెంగపడకు, ఇదిగో ఈ సూదంటురాయిని డబ్బా మీద ఒకసారి పెట్టి తియ్యి, మళ్ళీ నడుస్తుంది. అరచేతిలో ఇమిడే నల్లటి బిళ్ళ. దాన్ని రాజక్క ఎక్కడ పెట్టింది? తన తెలివి తగలబడ, ఎవరికీ దొరకకూడదని ఆ బిళ్ళనూ, డాక్టరమ్మ రాసిచ్చిన ఇంగ్లీషు కార్డునూ పాత జాకెట్టులో చుట్టి సంచి అడుగున పెట్టింది. ఆ సంచి ఎక్కడుంది? అదిగో, నడిరోడ్డు మీద, బస్సుకు ఇంత దూరంలో, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చుకుని దొరసానిలా ఒక్కతే కూర్చుంది. అందులో బాంబుందేమోనని దాన్ని ఎవరూ ముట్టొద్దట. ముట్టి చూసే మనుషులు అహేరి నుంచి రావాలట, రెండు గంటలో మూడు గంటలో. అంతదాకా బస్సు కదలదు. రాజక్క ఈ టేకుచెట్టు కింద రాయి మీద నుంచి కదలకూడదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద కనబడేలా పెట్టుకోవాలి. వణికే చేతిని కూడా.

"ఏమీ లేకపోతే ఎందుకు వణుకుతున్నవ్?" అన్నట్టు ఆ పోలీసుపిల్ల మరాఠీలో అడుగుతోంది. చొక్కా మీద పేరుంది, శీతల్ అని. పెర్మిలి వైపు పిల్లట, డ్రైవరు అంటుంటే వినబడింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. తన కూతురు అరుణశ్రీ కన్నా ఆరేడేళ్ళు పెద్ద. తుపాకి పట్టుకున్న ఆ చెయ్యి కూడా అంత నిలకడగా ఏమీ లేదు. పాపం, దానికీ భయమే. ఎదురుగా బోడిగుండుతో, గుండు మీద కుట్లతో, చర్మం కింద తీగతో ఒక ఆడమనిషి నోరు విప్పకుండా కూర్చుంటే ఎవరికి మాత్రం భయం కాదు? నోరు విప్పకుండా. అదే, అక్కడే ఉంది తప్పంతా. తనదే. నూటికి నూరు పాళ్ళు తనదే, ఇంకెవరినో అని ఏం లాభం. ఈ కట్టె రాకముందు, ఆడవాళ్ళనందరినీ వరసగా నిలబెట్టి తడిమి చూస్తున్నప్పుడు, ఈ పిల్ల చెయ్యి డబ్బా మీద ఆగింది కదా, "హే కాయ్ ఆహే, బాయీ?" ఇదేంటమ్మా అని మెత్తగానే అడిగింది కదా. అప్పుడు రాజక్కకు గొంతుంది! ఉంది, నిండు కుండలా ఉంది, 'దవాఖానల పెట్టిండ్రు బిడ్డా' అంటే పోయేది, ఒక్క మాట. అనలేదు. మాట పెదవుల దాకా వచ్చింది, వెనక్కి తీసుకుంది. ఎందుకంటే మొదటి మాట ఆయనకు ఇవ్వాలి. ఇంటి గడప కాడ నిలబడి ఇవ్వాలి. నిన్నటి నుంచీ ఆ పంతం. ఆ పంతం ముదనష్టం గాను.

గడప. ఆ గడప కాడనే కదా మొదలైంది. సిరోంచకు అవతల ప్రాణహిత ఒడ్డున ఊరు, ఊరి చివర ఇల్లు, ఇంటి ముందు నుంచి చూస్తే కనబడేంత దూరంలో తమ వరిమడి. అప్పటికే రెండేళ్ళుగా మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. 'నీళ్ళు' అనాలంటే 'నీ' ఒక చోట, 'ళ్ళు' ఒక చోట పడేవి. అయినా చావుకు పోయి శోకం పెడితే మాత్రం గొంతు జారుగా, బారుగా, ఏ అడ్డూ లేకుండా సాగిపోయేది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో శోకం అంటే రాజక్కే పెట్టాలి. పోయినవాడి పుట్టుక నుంచి పెళ్ళి దాకా, తిన్న కూర నుంచి తీరని కోరిక దాకా, రాగంలో గుచ్చి దండ కట్టేది, రాయిలాంటి మగవాళ్ళు కూడా తువ్వాలలో మొహం దాచుకునేవాళ్ళు. అందుకే ఊరు అన్నది: "మాటకు లేని గొంతు శోకానికి ఎక్కడికెల్లి వచ్చిందే? దొంగ మూగిది." ఆ మాట మొదట అన్నది తమ వాడలోని ముసలి ముత్తక్కే. అదిగో, ఈ బస్సులోనే ఉంది, అహేరిలో ఎక్కింది, కిటికీలోంచి మెడ సాచి చూస్తోంది. చూడనీ. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ఉడికింది, పచ్చిపులుసు అయింది, ఆయన మడి దున్నుతున్నాడు, పిలవాలి. గడప మీద నిలబడి "ఓ అరుణ నాయినా" అనబోయింది. రాలేదు. ఇంకోసారి. రాలేదు. అన్నం చల్లారుతోంది, ఎండ నెత్తికెక్కింది, గొంతులో గుప్పిట, ఇంకోసారి. అప్పుడు ఆ పాడు గొంతు తనకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టింది. "ఓ అరుణ నాయినో... బువ్వకు రావయ్యో..." శోకం రాగంలో. బతికున్న మొగుడి మీద. పట్టపగలు.

వాడకట్టంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఇక్కడి అడవిలో ఇప్పుడున్నట్టే. ఆయన నాగలి ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తుకొచ్చాడు, ఇంట్లో ఎవరు పోయారో అని. వచ్చేసరికి అత్త వెంకటవ్వ చెంబెడు నీళ్ళు రాజక్క మొహాన కొట్టి రొమ్ము బాదుకుంటోంది. "బతికున్న నా కొడుకును ఏడ్చిందిరో, నా కొడుకును తిన్నదిరో." ఆయన తిట్టినా బాగుండేది. గడప ఇవతల ఆమె, అవతల ఆయన, కాళ్ళకు బురద, కళ్ళలో భయం. మొగుడి కళ్ళలో తన నోరంటే భయం చూసిన ఆడదానికి ఇంకేం మిగుల్తుంది? అదీ సరే, పిడుగు పడి పోయింది అనుకుంటే, పదో రోజుకే కిష్టన్న పోయాడు. పోచన్న తమ్ముడు, తన చిన్న మరిది, భామ్రాగడ్‌లో రోడ్డు పనికి పోయి జ్వరం తెచ్చుకున్నాడు, వాన పట్టి వాగులు పొంగి దారి తెగింది, దవాఖానకు తెచ్చేవాళ్ళు లేక అక్కడే పోయాడు. జ్వరం ఎవరికి కావాలి? వాగులు ఎవరికి కావాలి? "అన్న మీద పెట్టిన శోకం తొవ్వ తప్పి తమ్మునికి తాకింది." అత్త అన్నది, ఊరు ఔనన్నది. పీనుగను తెచ్చినప్పుడు తనను కొట్టంలో కూర్చోబెట్టి గొళ్ళెం పెట్టారు, నోరు తెరిస్తే ఇంకెవరు పోతారో అని.

కిష్టన్న. వదినెను ఒకటే ఆటపట్టించేవాడు. "వదినే, నువ్వు శోకం పెడితే సచ్చినోడు లేచి కూసొని ఇంకోపారి పెట్టుమంటడు. నేను పోతే నాకు మాత్రం పెద్దగ పెట్టాలె, జర మంచి మంచి ముచ్చట్లు కలిపి." "నీ నోట్లె మన్ను పడ, పాడు మాటలు," అని పప్పుగుత్తి విసిరింది వాడి మీదికి, అప్పుడు మాట ఇంకా బాగుండేది. అదే వాడికి ఇచ్చిన జవాబు. ఆ కొట్టంలో, గడ్డి వాసనలో, గొళ్ళెం అవతల ఊరి ఆడవాళ్ళు వాడి మీద పెట్టే శోకం వినబడుతుంటే, అయ్యో అది కాదు, వాడికి చేపల పులుసు ఇష్టం అది చెప్పాలి, వాడు ఈత కొడుతూ పాట పాడేవాడు అది చెప్పాలి, ఒక్కరూ చెప్పరేం అని నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. కుక్కిన పేనులా. ఆరేళ్ళ కిందటి మాట అది. ఆ తర్వాత ముక్కలు ముక్కల మాట కూడా మానేసింది. అడిగితే తల ఊపు, లేకపోతే లేదు. చేతికి కూడా వణుకు పాకింది. ఆయన మంచం మడి దగ్గరి గుడిసెలోకి పోయింది, పంటకు కాపలా అని. ఏ కాలంలోనూ కోతకు రాని పంట అది.

అయినా దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. అది మరిచిపోతే కళ్ళు పోతాయి. అహేరిలో క్యాంపు పెట్టినప్పుడు డాక్టరమ్మ చెయ్యి చూసింది, గొంతు చూసింది, పాడమంది. రాజక్క వణికిపోయి తల అడ్డంగా ఊపింది, తనకు వచ్చిన రాగం ఒకటే, అది పాడితే ఈ తల్లికి ఏమవుతుందో. పాడొద్దు, ఊరికే నోరు మూసుకుని మూలగమ్మా అంది. మూలిగితే గొంతు ఏ అడ్డూ లేకుండా పారింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. పోచన్నను కూర్చోబెట్టి చెప్పింది: ఇది దొంగవేషం కాదు, గాలీ దయ్యమూ కాదు, మెదడు గొంతుకు పంపే కబురులో తప్పుంది, మామూలు మాటకు బిగుస్తుంది, ఏడుపుకు, పాటకు బిగవదు, ఇట్లాంటి రోగం ఒకటుంది. ఆపరేషన్ చేతి వణుకుకు చేస్తాం, గొంతుకు కూడా పనిచేయొచ్చు, చేయకపోనూ వచ్చు. మిషను ఒక ట్రస్టు వాళ్ళు ఊరికే ఇస్తారు. పోచన్న "గట్లాంటి రోగం ఉన్నదా?" అని ఒక్కటే అడిగాడు. ఉందని చెప్తే, బయటికొచ్చి బీడీ ముట్టించి, దాన్ని తాగకుండానే కాలిపోనిచ్చాడు.

"హలూ నకో," కదలొద్దు అంటోంది శీతల్. కదలకుండా ఉండటం రాజక్కకు కొత్తా? మూడు వారాల కిందట తలకు ఇనుప చట్రం బిగించి, నాలుగు వైపులా మరలు తిప్పి, ఆ చట్రాన్ని బల్లకు కట్టేశారు. మెలకువగానే ఉండాలన్నారు. పుర్రెకు బొక్క వేస్తుంటే చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినబడింది. కళ్ళు తప్ప ఏదీ తన చేతిలో లేదు. "బోలో బాయీ, కుఛ్ భీ బోలో," ఏదైనా మాట్లాడమంటాడు పెద్ద డాక్టరు. మాట్లాడితే రాదు. తీగ ఒక వెంట్రుకవాసి లోపలికి పోతుంది. బోలో. రాదు. ఇంకో వెంట్రుకవాసి. అప్పుడు, ఎవరో తలుపు గొళ్ళెం తీసినట్టు, లోపలి గుప్పిట వదిలేసింది. ఏమనాలో తోచక ఇంటి నీళ్ళ పేర్లు చెప్పింది, "గోదారి, ప్రాణహిత, ఇంద్రావతి." మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పింది. ఆపమంటే ఆపదే. వాళ్ళు కరెంటు తీసేశారు, ఇంద్రావతి సగంలో ఎండిపోయింది. గాయం మానాక నిన్న మళ్ళీ పెట్టారు. 'ఆ' అను, 'ఈ' అను, అన్నది. అవి మాటలు కావు, పరీక్షలు. నదుల పేర్లు కూడా డాక్టర్లకు చెప్పినవే, ఇంటివాళ్ళకు కాదు. లెక్కలోకి రావు. మొదటి మాట ఇంకా తన దగ్గరే భద్రంగా ఉందని రాజక్క నిన్నంతా కొంగుకు ముడేసుకున్నట్టు తిరిగింది. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే దిద్దుకోవాలి, అదే గడప, అదే మాట, కానీ రాగం లేకుండా, అందరు ఆడవాళ్ళు పిలిచినట్టు మామూలుగా, 'అరుణ నాయినా, బువ్వకు రా.'

నిన్న దవాఖానలో పోచన్న మందుల వరస నుంచి తిరిగొచ్చి, నయమైందా అన్నట్టు మొహంలోకి చూశాడు. "ఏమన్న ఫరక్ వచ్చిందానే?" రాజక్క పెదవులు బిగించి పక్కకు తిరిగింది, నవ్వొచ్చి. ఉండవయ్యా ఉండు, రేపు ఇంటి దగ్గర చెప్తా నీ సంగతి. ఆయన ఆ తిరగడాన్ని ఏడుపు అనుకున్నాడు. "పోనీ తియ్యి. నువ్వు పరేషాన్ గాకు," అని పోయి అరటిపళ్ళు తెచ్చాడు. అహేరిలో ముత్తక్క ఎక్కి ఆరా తీస్తే, "ఏం ఫరక్ లేదక్కా," అన్నాడు, ఆ గొంతులో ఏముందో అప్పుడే వినాల్సింది. కిటికీ పక్కన కూర్చుని కొంగు కింద కుదురైన చేతిని ఇంకో చేత్తో నిమురుకుంటూ, తను ఆటలో ఉంది. ముసలితనం దగ్గర పడుతున్న వేళ దాగుడుమూతలు!

పాపం అమాయకుడు, ఆయన మాత్రం ఏం చెప్పాలి? పోలీసుపిల్ల అడిగితే పెళ్ళాం గుడ్లప్పగించి చూస్తోంది, కట్టె కీచుమంది, పిల్ల రెండడుగులు వెనక్కి గెంతి కేక పెట్టింది, తుపాకులన్నీ ఇటు తిరిగాయి. మగవాళ్ళ వరసలోంచి ఆయన చేతులు పైకెత్తి పరుగెత్తుకొచ్చి, తనకొచ్చిన హిందీలో నిజాయితీగా, ఒక్కటీ దాచకుండా చెప్పాడు: "సాబ్, కొట్టకుండ్రి సాబ్, అందర్ బాటరీ హై. వైర్ హై. సర్ తక్ వైర్ హై." ఓరి నీ సత్యం సల్లగుండ. నక్సలైట్లు తిరిగే ఈ అడవిలో, ఈ రోడ్డు మీద, పోలీసుల ముందు, మా ఆడామె లోపల బ్యాటరీ, వైర్లు ఉన్నాయంటాడా! నవ్వాలో ఏడవాలో తెలియని మాట. మరుక్షణం ఆయన్ని రెక్కలు పట్టి ఆ రేకుల షెడ్డులోకి తీసుకుపోయారు. సంచి ఎవరిదంటే మాదే అన్నాడు, అదీ నిజమే. అప్పటి నుంచి షెడ్డులోంచి అవే ప్రశ్నలు వినబడుతున్నాయి, ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఎవరికి చేరవేస్తున్నారు. అవే జవాబులు. ఇంకా కొట్టలేదు. ఇప్పుడే గొంతు పెంచాడు లోపలి ఆఫీసరు. ఒక బల్ల జరిగిన చప్పుడు.

చెప్పాలి. ఎవరికో ఒకరికి చెప్పాలి. చేతితో సంచి వైపు చూపిస్తే, "హాత్ ఖాలీ!" చెయ్యి దించు అని శీతల్ తుపాకి ఎత్తింది. నిజమే మరి, ఇంత వణుకుతున్న చెయ్యి సంచిని చూపిస్తే ఎవరు మాత్రం నమ్ముతారు. బస్సులోంచి ఎవరో అడుగుతున్నారు ఆమె ఎందుకు చెప్పదని. ముత్తక్క జవాబిస్తోంది, "దానికి నోరు లేదయ్యా. ఉన్నా మంచిది గాదు." అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదేనేమో. మాట్లాడితే రాదు, చూపిస్తే చంపుతారు, ఊరుకుంటే ఆయన్ని... మళ్ళీ బల్ల చప్పుడు. "నహీ సాబ్, నహీ సాబ్," పోచన్న గొంతు. ఆ గొంతు అట్లా విరగడం ఆమె ఒక్కసారే విన్నది, తమ్ముడి పాడె ఎత్తినప్పుడు, కొట్టం గోడ అవతల నుంచి. రాజక్క నోరు తెరిచింది. 'ఆ', గుప్పిట. 'సం', గుప్పిట. ఒక దారి ఉంది. ఒకే దారి. ఆరేళ్ళుగా దానికి గొళ్ళెం పెట్టుకుని కూర్చుంది. వద్దు, అది వద్దు. శోకం ఉత్త గాలి మీద పెట్టరు, ఎవరి మీదనో పెట్టాలి, పేరు పెట్టి పిలవాలి. ఆయన మీద పెడతావా మళ్ళీ? షెడ్డులో ఉన్నవాడి మీద? నిజంగానే ఆ నోటిలో విషముంటే? రోగమని డాక్టరమ్మ చెప్పింది, ఔను చెప్పింది, మరి పదో రోజుకే కిష్టన్న ఎందుకు...

కిష్టన్న.

పోయినవాడి మీద పెట్టిన శోకం ఎవరినీ చంపదు. వాడి మీద పెట్టనే లేదు కదా తను. ఒరేయ్ కొడుకా, ఆరేళ్ళ నుంచి చూస్తున్నావు కదరా వదినె ఇంకా పెట్టదేంటని. రాజక్క రెండు కళ్ళూ మూసుకుంది, వణికే చేతిని వణకనిచ్చింది, నోరు తెరిచింది.

"ఓ నా మరిదో... నా కిష్టన్నో... ఆరేండ్లాయె కొడుకో, నీ మీద నన్ను ఏడువనియ్యకపాయిరి... చేపల పులుసు అడిగినవు కొడుకో, తినకుండనే పోతివి... ప్రాణహితల ఈతకొట్టుకుంట పాట పాడితివి, ఆ పాట యాడ పోయె కొడుకో..."

గొంతు పారింది. బిగువు లేదు, ముక్క లేదు, అడ్డు లేదు. అడవంతా ఆ గొంతే. శీతల్ బిత్తరపోయి నిలబడింది. షెడ్డులో మాటలు ఆగిపోయాయి.

"నీ అన్నను షెడ్డుల కూసోబెట్టిండ్రు కొడుకో, ఏ పాపం ఎరుగనోడు... నా నెత్తిల తీగలు దవాఖానోళ్ళు పెట్టిండ్రు కొడుకో, గొంతు కోసం పెట్టిండ్రు... నా సంచి అడుగున సూదంటురాయి ఉన్నది, దవాఖాన కార్డున్నది... తెచ్చి నా రొమ్ము మీద పెట్టుమను కొడుకో... నా గొంతు నాకియ్యుమను..."

శోకం వినబడితే ఎరుకైన ఆడది కూర్చున్నచోట కూర్చోలేదు. ఎంత పగ ఉన్నా సరే, లేచి పోయి మెడ పట్టుకోవాలి, వంత ఏడవాలి. అది కాళ్ళకు పుట్టిన అలవాటు, మనసును అడగదు. ముత్తక్క బస్సు దిగింది. "థాంబా!" ఆగు అని ఎవరో అరుస్తుంటే, "ఏం థాంబా, నీ థాంబల మన్ను వడ," అని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి రాజక్క మెడ చుట్టూ చేతులేసి కూలబడింది. "అయ్యో కిష్టన్నా, ఓ కొడుకా..." నిజంగానే ఏడ్చింది ముసలిది. ఏడుస్తూ ఏడుస్తూనే శీతల్ వైపు తిరిగి బాంబు కాదు, సూదంటురాయి అని తనకొచ్చిన మరాఠీని తోసింది: "బాంబు నాహీ గే పోరీ! చుంబక్, చుంబక్! దవాఖాన్యాచా చుంబక్! పిశవీత్ ఆహే, సంచిల ఉన్నది, తియ్యి!"

ఆ పిల్ల ఇద్దరినీ చూసింది. షెడ్డు వైపు చూసింది. వాళ్ళ ఊళ్ళో కూడా ముసలమ్మలు ఇట్లాగే ఏడుస్తారేమో, వాళ్ళ నాయనమ్మ కోసమో ఎవరికోసమో ఇట్లా ఏడవగా విన్నదేమో, అబద్ధానికి ఈ గొంతు రాదని దానికి తెలిసినట్టే ఉంది. తుపాకి భుజానికి తగిలించి, వెనక నుంచి వద్దు వద్దని అరుస్తున్నా వినకుండా, ఇసుక బస్తాలు దాటి పోయింది. సంచి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కటీ తీసింది. అరటిపళ్ళు. దువ్వెన, జుట్టు లేని తలకు. చీర. జాకెట్టు మూట. విప్పింది. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, కార్డు చదువుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తిరిగొచ్చి, రాజక్క కొంగు పక్కకు జరిపి డబ్బా మీద పెట్టి తీసింది. మెడలో చీమ పాకినట్టయింది. ముందు చెయ్యి ఆగింది. మోకాలి మీద, అందరూ చూస్తుండగా, మెల్లగా, అలిసిపోయి పడుకున్నట్టు. తర్వాత గొంతులో గుప్పిట వేలు వేలుగా విడిపోయింది.

"బోలా, బాయీ," అంది శీతల్, మాట్లాడమ్మా అని.

మొదటి మాట. మళ్ళీ వచ్చింది పెదవుల దాకా. ఇంకొక్కసారి దాచుకోవచ్చు, ఇల్లు ఎంత దూరం, మూడు గంటలు. రాజక్క దాచుకోలేదు. "బిడ్డా, ఆయన్ని ఇడువుండ్రి," అంది. రాగం లేదు, వణుకు లేదు, పొద్దున కోమటి దుకాణంలో ఉప్పు అడిగినట్టు అంది. మెడ పట్టుకున్న ముత్తక్క చేతులు చటుక్కున వదులయ్యాయి. ముసలిది నోరు తెరుచుకుని మొహంలోకి మొహం పెట్టి చూసింది. "దొంగ ముండా," అంది, ఈసారి ముద్దుగా, మళ్ళీ ఏడ్చింది. పోయింది, గడప కోసం దాచిన మాట ఒక పోలీసుపిల్లకు పోయింది.

కార్డు షెడ్డులోకి పోయింది, ఆఫీసరు దాన్ని రెండుసార్లు చదివాడు, వైర్‌లెస్‌లో ఎవరికో చదివి వినిపించాడు. బస్సు కదిలేసరికి పొద్దు వాలింది. పోచన్న మగవాళ్ళ సీట్ల వైపు పోలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. చెంప ఒకవైపు ఎర్రగా ఉంది. టేకుచెట్లు వెనక్కి పోతున్నాయి. కిటికీ బయటకు చూస్తూనే అన్నాడు, "ఆనికి చేపల పులుసంటే పానం. ఎవ్వలూ చెప్పలే ఆ రోజు."

రాజక్క తల ఊపింది. ఆరేళ్ళ అలవాటు.

"నిన్ననే వచ్చిందా గొంతు?"

మళ్ళీ తల ఊపింది.

"మరి నాకెందుకు చెప్పకపోతివే?"

సూదంటురాయిని గుప్పిట్లో పట్టుకుంది, ఇగ సంచి అడుగున పెట్టదు, ఈ జన్మకు పెట్టదు. ఆ బిళ్ళ ఎంతో తన గొంతు అంతే, ఏ కట్టె ఎక్కడ కీచుమంటే అక్కడ ఆగే గొంతు. అయినా నోరు తెరిచి మామూలుగా చెప్పింది, "ఇంటికాడ, గడప మీద నిలవడి అందామనుకున్న. ఆనాడు అన్న మాటనే. మంచిగ."

పోచన్న ఇటు తిరిగాడు. ఆ రోజు గడప అవతల నిలబడ్డ కళ్ళే, కానీ భయం లేదు. "ఇంటికి ఇంకా రెండు చెక్‌పోస్టులున్నయే," అన్నాడు. "గిప్పుడే అను."

బస్సు గుంతలో పడి లేచింది. తినడానికి నాలుగు నలిగిన అరటిపళ్ళు తప్ప ఏమీ లేవు. రాజక్క కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, గుప్పిట లేదు.

"అరుణ నాయినా, బువ్వకు రా."

"వస్తున్న," అన్నాడు పోచన్న, కూర్చున్నచోటనే.